పచ్చ చుక్క అబద్ధమాడితే: వర్చువల్ మెషీన్లకు వెబ్ ప్యానెల్ రాసిన అనుభవం

(లినక్స్ వాడేవాళ్ల సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తప్ప మిగతాదంతా మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్లకి వినపడుతోందా? సరే.

ముందు ఒక మాట అడుగుతాను. మీలో విర్ష్ కమాండుతో వర్చువల్ మెషీన్లు నడిపినవాళ్లు ఎంతమంది? ఏడెనిమిది చేతులు లేచాయి. వర్చువల్‌బాక్స్ వాడినవాళ్లు? ఆ, దాదాపు అందరూ. అయితే వర్చువల్ మెషీన్ అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. ఒకే కంప్యూటర్ లోపల విడివిడిగా నడిచే ఉత్తుత్తి కంప్యూటర్లు, ఒకే ఇంట్లో నాలుగు వాటాలున్నట్టు. ఎవరి తలుపు వాళ్లది, ఎవరి వంట వాళ్లది, బోరు మాత్రం అందరికీ ఒకటే. ఆ ఇంటి ఓనరు, అంటే వాటిని నడిపించే ప్రోగ్రాం పేరు హైపర్‌వైజర్. నేను ఈ రోజు మాట్లాడేది ఓనరు గురించి కాదు, గేటు దగ్గర కూర్చునే వాచ్‌మన్ గురించి, అంటే ఆ మెషీన్ల స్థితి చూపించే వెబ్ పేజీ గురించి. ఎవరున్నారు, ఎవరు లేరు అని మనం అడిగేది వాచ్‌మన్‌నే కదా? ఆయన తప్పు చెబితే ఏమవుతుందో, అదీ ఇవాళ్టి కథ.

నేను ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ల్యాబ్ సర్వర్లు చూసేవాణ్ణి. రెండు సర్వర్లు, ఒక్కోదానికి 128 జీబీ ర్యామ్. వాటి మీద అరవై మంది పిల్లలకి అరవై వర్చువల్ మెషీన్లు, పొట్టిగా వీఎంలు. తొమ్మిదిన్నరకి ల్యాబ్ మొదలైతే తొమ్మిది నలభైకి నా టేబుల్ ముందు క్యూ. "సార్, నాది బూట్ అవట్లేదు." "సార్, నాది హ్యాంగయింది." "సార్, నేనేం చెయ్యలేదు సార్, దానంతటదే ఆగిపోయింది." నేను ఒక్కొక్కరి రోల్ నంబరు అడగడం, టెర్మినల్‌లో కొట్టడం, రీసెట్ చెయ్యడం. రేషన్ డీలరులా అయిపోయింది నా బతుకు. ఎవరి మెషీన్ వాళ్లే ఆన్ చేసుకుని ఆఫ్ చేసుకునేలా బ్రౌజర్‌లో ఒక పేజీ ఉంటే చాలు కదా అనిపించింది. రెండు బటన్ల పేజీ. ఒక వారం పని అనుకున్నాను. నవ్వకండి, నిజంగానే వారం అనుకున్నాను.

ఇక్కడ ఎవరైనా అడగొచ్చు: ఇవన్నీ ముందే ఉన్నాయిగా, మళ్లీ నువ్వెందుకు రాశావు? న్యాయమైన ప్రశ్న. ప్రాక్స్‌మాక్స్ ఉంది, బ్రహ్మాండంగా పనిచేస్తుంది. రెడ్ హ్యాట్ వాళ్ల లినక్స్‌లో కాక్‌పిట్ ఉంది, 9090 పోర్టులో తెరుచుకుంటుంది, మెషీన్ల ప్యాకేజీ చేరిస్తే వాటి పేజీ అందులోనే వస్తుంది. పెద్ద ఎత్తున కావాలంటే ఓపెన్‌స్టాక్ ఉంది. మీకు మీ ఆఫీసులో పది సర్వర్లుంటే దయచేసి నాలాగా రాయడానికి కూర్చోకండి, ప్రాక్స్‌మాక్స్ పెట్టుకోండి. మా ఇబ్బంది వేరు. వాటిని సర్వర్లు చూసుకునే అడ్మిన్ల కోసం కట్టారు. వాటిలోనూ యూజర్లని పెట్టొచ్చు, అనుమతులు ఇవ్వొచ్చు, కాదనను. కానీ రెండో సంవత్సరం పిల్లాడు ఆ పేజీ తెరిస్తే విమానం కాక్‌పిట్‌లో కూర్చున్నట్టే ఉంటుంది. పేరు ఊరికే పెట్టలేదు వాళ్లు.

కింద ఏముందో రెండు ముక్కల్లో చెప్పేస్తాను. వర్చువల్ మెషీన్ కొత్త సరుకేం కాదు. ఐబీఎం వాళ్లు వీఎం/370ని ప్రకటించింది 1972లో. మన లినక్స్‌లోకి కేవీఎం వచ్చింది 2007లో, 2.6.20 కెర్నెల్‌తో. కెర్నెల్ అంటే ఆపరేటింగ్ సిస్టం గుండెకాయ. కేవీఎం ప్రాసెసర్ సంగతి చూస్తుంది, డిస్కు, నెట్‌వర్క్ కార్డు, మానిటర్ ఉన్నట్టు నటించే పని క్యూఎమ్యూది. ఈ ఇద్దరితో నేరుగా మాట్లాడాలంటే ఒక్క మెషీన్‌కి మూడు గజాల కమాండు రాయాలి. అందుకని మధ్యలో లిబ్‌వర్ట్ ఉంటుంది. మెషీన్ ఎలా ఉండాలో ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైల్లో రాసి ఇస్తే మిగతాది అది చూసుకుంటుంది. విర్ష్ అనేది ఆ లిబ్‌వర్ట్‌కి ఉన్న కమాండ్ లైను. నా పేజీ మాట్లాడాల్సింది లిబ్‌వర్ట్‌తోనే. చరిత్ర అయిపోయింది.

మొదటి వెర్షన్ చెబుతాను, సిగ్గుపడకుండా చెబుతాను. పైథాన్‌లో, వెబ్ పేజీలు కట్టే ఫ్లాస్క్‌తో రాసిన చిన్న ప్రోగ్రాం. బటన్ నొక్కితే వెనకాల విర్ష్ కమాండుని నడుపుతుంది, అది తెర మీద అచ్చేసిన వాక్యాన్ని చదువుతుంది, అందులో "రన్నింగ్" అన్న ఇంగ్లిష్ మాట కనిపిస్తే పేజీలో పచ్చ చుక్క, లేకపోతే ఎర్ర చుక్క. నాలుగు రోజుల్లో అయిపోయింది. అబ్బో, నా అంతవాడు లేడనుకున్నాను.

పదిహేను రోజుల తర్వాత ఒక పొద్దున అరవై చుక్కలూ ఎర్రగా ఉన్నాయి. అరవైకి అరవై. గుండె జారిపోయింది. సర్వర్ గదికి పరుగెత్తాను. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, లైట్లు వెలుగుతున్నాయి, పిల్లలు లాగినయ్యి పని చేసుకుంటున్నారు. మెషీన్లన్నీ నిక్షేపంగా ఉన్నాయి, నా పేజీ మాత్రం అన్నీ ఆగిపోయాయంటోంది. ఏం జరిగిందో ఊహించగలరా?

మా సహోద్యోగికి తెలుగంటే అభిమానం. ముందు రోజు సాయంత్రం సర్వర్ భాషను తెలుగుకి మార్చి, మొత్తం రీస్టార్ట్ చేసి వెళ్లాడు. లిబ్‌వర్ట్‌కి తెలుగు అనువాదం ఉంది, మీలో చాలామందికి తెలిసి ఉండదు. భాష మారేసరికి విర్ష్ చెప్పే మాట కూడా మారింది. నా ప్రోగ్రాం పాపం "రన్నింగ్" కోసం వెతుక్కుంటూ కూర్చుంది. ఆయన్ని తిట్టాలా, నన్ను నేను తిట్టుకోవాలా? తప్పు నాదే. విర్ష్ అచ్చేసేది మనుషులు చదువుకోవడానికి, ప్రోగ్రాములు చదవడానికి కాదు. ప్రోగ్రాములకి లిబ్‌వర్ట్ లైబ్రరీ వేరే ఉంది, అందులో స్థితి అంకెగా వస్తుంది. నడుస్తుంటే 1, పాజ్‌లో ఉంటే 3, ఆగిపోతే 5. అంకెకి భాష లేదు. కమాండ్ లైనుని ప్రోగ్రాం చేత చదివిస్తున్నవాళ్లు ఎవరైనా ఇక్కడ ఉంటే ఇంటికెళ్లి మార్చుకోండి. మెషీన్ పేరు పెట్టే గళ్లో ఎవడైనా సెమికోలన్ పెట్టి ఇంకో కమాండు రాస్తే ఏమవుతుందన్నది మరో భయం, దాని జోలికి ఇప్పుడు వెళ్లను.

రెండో వెర్షన్‌లో ఇంకా తెలివైన తప్పు చేశాను. డేటాబేస్ పెట్టాను. మెషీన్ల పట్టికలో స్థితి అని ఒక కాలమ్. స్టార్ట్ బటన్ నొక్కితే లిబ్‌వర్ట్‌కి చెప్పడం, కాలమ్‌లో "ఆన్" అని రాసుకోవడం. స్టాప్ నొక్కితే "ఆఫ్". పేజీ ఆ కాలమ్‌నే చూపిస్తుంది. వేగంగా ఉంది, అందంగా ఉంది. కానీ పిల్లాడు నా బటన్ నొక్కకుండా, వీఎం లోపలే టెర్మినల్‌లో పవరాఫ్ అని కొడితే? మెషీన్ ఆగిపోయింది, నా డేటాబేస్‌కి ఆ కబురే లేదు. హోస్టులో, అంటే వీఎంలని మోసే అసలు సర్వర్‌లో, మెమరీ చాలక కెర్నెల్ ఒక క్యూఎమ్యూని చంపేస్తే? కబురు లేదు. నేనే రాత్రిపూట విర్ష్‌తో ఏదో మార్చితే? అదీ లేదు. పచ్చ చుక్క వెలుగుతూనే ఉంటుంది. ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయినవాళ్ల పేరు ఇంకా గేటు మీద ఉన్నట్టు.

ఇక్కడే నాకు ఈ పనిలో అసలు సంగతి అర్థమైంది. మెషీన్ నడుస్తోందా లేదా అన్నది లిబ్‌వర్ట్‌కి తెలుసు, నాకు తెలియదు. నాకు తెలియనిదాన్ని నా నోట్‌బుక్‌లో రాసుకుని జనానికి చూపించే హక్కు నాకు లేదు. అప్పట్నుంచి నా డేటాబేస్‌లో లిబ్‌వర్ట్‌కి తెలియనివే ఉంటాయి. ఈ మెషీన్ ఏ విద్యార్థిది, ఏ సెమిస్టర్ దాకా ఇచ్చాం, ఎవరు ఎప్పుడు ఏ బటన్ నొక్కారు. అంతే. స్థితి కాలమ్‌ని తీసేశాను.

మరి స్థితి ఎలా తెలుసుకోవాలి? ఐదు సెకన్లకోసారి అడగొచ్చు. అరవై మంది పేజీలు తెరిచి కూర్చుంటే, అరవై పేజీలూ ఐదేసి సెకన్లకి అడిగితే, సర్వర్ జవాబులు చెప్పడంతోనే సరిపోతుంది. బస్సొచ్చిందా, బస్సొచ్చిందా అని ఇంటిల్లిపాదీ వీధిలోకి పరుగెత్తినట్టు. లిబ్‌వర్ట్‌లో అంతకంటే మంచి ఏర్పాటు ఉంది. ఈవెంట్లు. ఏ మెషీనైనా మొదలైనా, ఆగినా, పాజ్ అయినా అదే కబురు పంపుతుంది. నా ప్రోగ్రాం ఒక్కటే ఆ కబురు విని, తెరిచి ఉన్న పేజీలన్నిటికీ అందిస్తుంది.

కానీ ఒక చిక్కు. లిబ్‌వర్ట్ సర్వీసు మధ్యలో రీస్టార్ట్ అయితే ఆ కనెక్షన్ తెగిపోతుంది. తెగి ఉన్న ఆ పది సెకన్లలో రెండు మెషీన్లు ఆగిపోయాయనుకోండి, ఆ కబురు మనకి ఎప్పటికీ రాదు. అందుకని మళ్లీ కనెక్ట్ అవగానే మొత్తం జాబితా కొత్తగా అడిగి తెచ్చుకోవాలి. మరి ఆ పది సెకన్లూ పేజీలో ఏ రంగు చూపించాలి? దానికి నా జవాబు బూడిద రంగు. కింద "తెలియదు" అని రాసి ఉంటుంది. ఇది పెట్టినందుకు మా హెచ్‌ఓడీ గారికి నచ్చలేదు. "తెలియదు ఏంటయ్యా, మన సిస్టమే కదా?" అన్నారు. తెలియనప్పుడు ఇంకేమంటాం సార్ అన్నాను.

ఇప్పుడు బటన్ల మీద మాటలు. విర్ష్ వాడినవాళ్లు చెప్పండి, డిస్ట్రాయ్ కమాండు ఏం చేస్తుంది? ఆ, ముందు వరసలో అమ్మాయి కరెక్టుగా చెప్పింది. ఏమీ నాశనం కాదు. నడుస్తున్న కంప్యూటర్ ప్లగ్గు పీకినట్టు, అంతే. డిస్కు అలాగే ఉంటుంది, మళ్లీ స్టార్ట్ చేసుకోవచ్చు. నేను మొదట్లో ఆ మాటనే బటన్ మీద దించేశాను. దాంతో హ్యాంగయిన మెషీన్‌ని ఆపడానికి అవసరమైన బటన్‌ని భయంతో ఎవరూ ముట్టుకోలేదు. మళ్లీ నా టేబుల్ ముందు క్యూ. పైగా ఒకబ్బాయి "అన్‌డిఫైన్" అంటే ఏదో సెట్టింగ్ తీసెయ్యడం అనుకుని నొక్కాడు, మెషీనే జాబితాలోంచి పోయింది. డిస్కు ఫైలు మిగిలింది కాబట్టి ఎక్స్‌ఎంఎల్ మళ్లీ రాసి బతికించాను. ఆ పిల్లాడి మొహం ఇంకా గుర్తుంది.

తర్వాత బటన్లు తెలుగులో పెట్టాను. "ఆపు." "బలవంతంగా ఆపు." "శాశ్వతంగా తీసెయ్." భాషాభిమానంతో కాదు, మాటకి అర్థం ఉండాలని. "బలవంతంగా ఆపు" నొక్కితే కింద చిన్నగా ఒక వాక్యం వస్తుంది: సేవ్ చెయ్యనిది పోవచ్చు, డిస్కు పోదు.

"ఆపు"లోనూ ఒక మెలిక ఉంది. మనం షట్‌డౌన్ అంటే లిబ్‌వర్ట్ మామూలుగా ఏసీపీఐ ద్వారా, అంటే కంప్యూటర్ పవర్ సంగతులు చూసే ఏర్పాటు ద్వారా, పవర్ బటన్ నొక్కినట్టు ఒక సంకేతం పంపుతుంది. అది ఆజ్ఞ కాదు, మనవి. లోపలి ఆపరేటింగ్ సిస్టం వినొచ్చు, వినకపోవచ్చు. సగం ఇన్‌స్టాలేషన్‌లో ఉంటే అసలు పట్టించుకోకపోవచ్చు. ఆ కాల్ మాత్రం "సరే, పంపాను" అని వెంటనే తిరిగొచ్చేస్తుంది. నేను దాన్ని "ఆగిపోయింది" అని చదువుకున్నాను. మళ్లీ అబద్ధం. ఇప్పుడు నా పేజీలో "ఆపమని చెప్పాం, 12 సెకన్లయింది" అని వస్తుంది. అంకె పెరుగుతూ ఉంటుంది. అరవై దాటితే అప్పుడు "బలవంతంగా ఆపు" బటన్ బయటికి వస్తుంది. అంతకుముందు కనిపించదు. కనిపిస్తే మనవాళ్లు దాన్నే ముందు నొక్కుతారు, లిఫ్ట్ బటన్ నొక్కినట్టు పదిసార్లు.

ఇక కన్సోల్, అంటే వీఎం తెరని బ్రౌజర్‌లో చూపించడం. ఈ పని మొత్తంలో నా ప్రాణం తోడేసింది ఇదే, కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు కూర్చుంటాను. టీ తాగాలనుకునేవాళ్లు తాగండి.

వీఎంకి మానిటర్ ఉండదు కదా. క్యూఎమ్యూ ఆ తెరని వీఎన్‌సీ ద్వారా, అంటే తెరని నెట్‌వర్క్ మీద పంపే పద్ధతిలో, బయటికిస్తుంది. పోర్టులు 5900 నుంచి మొదలవుతాయి. మొదటి మెషీన్‌కి 5900, రెండోదానికి 5901, అలా. బ్రౌజర్‌కి వీఎన్‌సీ రాదు, వెబ్‌సాకెట్ వచ్చు, అంటే సర్వర్‌తో తెరిచే ఉంచుకునే కనెక్షన్. నోవీఎన్‌సీ అని ఒక మంచి ప్రాజెక్టు ఉంది, బ్రౌజర్‌లోనే ఆ తెర గీస్తుంది. వెబ్‌సాక్‌ఫై అని దాని తోడు ప్రోగ్రాం ఒకటి, ఇటు వెబ్‌సాకెట్ అటు మామూలు సాకెట్ మాట్లాడే దుబాసీ. రెండూ కలిపితే మధ్యాహ్నానికల్లా కన్సోల్ కనిపించింది. ఎంత సంతోషమో!

కనిపించాక మొదలయ్యాయి. ఒకటి, నిమిషం పాటు ఏమీ కదలకపోతే కన్సోల్ పోతుంది. కరెక్టుగా నిమిషం. మూడు రోజులు వీఎన్‌సీని అనుమానించాను, క్యూఎమ్యూని అనుమానించాను, ల్యాబ్ కేబుళ్లు కూడా మార్పించాను. చివరికి దొంగ ఎవరంటే మధ్యలో ఉన్న వెబ్ సర్వర్, ఎంజిన్‌ఎక్స్. వెనకనుంచి 60 సెకన్లు ఏమీ రాకపోతే కనెక్షన్ మూసెయ్యడం దాని డీఫాల్ట్. ఆ గడువుని రోజంతా పెంచేస్తే సరిపోతుందిగా అంటారు. నిజంగా చచ్చిపోయిన కనెక్షన్లు కూడా రోజంతా పడుంటాయి అప్పుడు. వెబ్‌సాక్‌ఫైలో హార్ట్‌బీట్ అని ఒక ఆప్షన్ ఉంది, 30 సెకన్లకోసారి పింగ్ పంపమని పెట్టాను. గొడవ పోయింది.

రెండు, మౌస్. తెరలో రెండు బాణాలు, ఒకటి మనది, ఒకటి వీఎంది. మనది ఎడమ మూలకి వెళ్తే అది మధ్యలోనే ఉంటుంది. మామూలు మౌస్ "ఇంత జరిగాను" అని చెబుతుంది తప్ప "ఇక్కడున్నాను" అని చెప్పదు, అదీ కారణం. ఎక్స్‌ఎంఎల్‌లో యూఎస్‌బీ ట్యాబ్లెట్ అని ఒక ఇన్‌పుట్ పరికరం చేరిస్తే అది కచ్చితమైన చోటు చెబుతుంది. ఒక్క లైను. ఆ ఒక్క లైను తెలియడానికి నాకు ఒక ఆదివారం పట్టింది.

మూడు, కంట్రోల్ డబ్ల్యూ. టెర్మినల్ అలవాటున్నవాళ్లు నవ్వుతున్నారు, చూశారా! టెర్మినల్‌లో దానికి అర్థం వెనక ఉన్న మాట చెరిపెయ్యి అని. బ్రౌజర్‌లో అర్థం ట్యాబ్ మూసెయ్యి అని. పిల్లాడు కన్సోల్‌లో కమాండు దిద్దుకుందామని కొడితే కన్సోలే మాయం. మామూలు ట్యాబ్‌లో ఆ కీని బ్రౌజర్ మనకివ్వదు. కంట్రోల్ ఆల్ట్ డిలీట్ అయితే బ్రౌజర్ దాకా కూడా రాదు. అందుకే ఇలాంటివాటికి పైన విడిగా బటన్లు పెట్టాలి. ట్యాబ్ మూసేముందు "నిజంగానా?" అని అడిగించాలి. మూసినా పర్వాలేదు, మెషీన్ నడుస్తూనే ఉంటుంది, తెర మాత్రమే పోయింది అని ముందే చెప్పాలి.

ఇక భద్రత. ఆ వీఎన్‌సీ పోర్టుల్ని కాలేజీ నెట్‌వర్క్ మొత్తానికి తెరిచి పెట్టి పాస్‌వర్డ్ ఉందిగా అనుకోకండి. వీఎన్‌సీ పాస్‌వర్డ్‌లో మొదటి 8 అక్షరాలే లెక్క, మిగతావి అలంకారం. పోర్టులు 127.0.0.1 మీదే, అంటే ఆ సర్వర్ లోపలి నుంచి వచ్చేవే, వినాలి, బయటివాళ్లు నా వెబ్‌సాకెట్ గుండానే రావాలి. కన్సోల్ బటన్ నొక్కితే ఒక టోకెన్, గేట్ పాస్ లాంటిది, పుడుతుంది. అది ఆ విద్యార్థికి, ఆ మెషీన్‌కి మాత్రమే. ఒక్కసారి వాడితే అయిపోయింది.

ఇంకో మాట, ఇది మాత్రం రాసుకోండి. లిబ్‌వర్ట్ సాకెట్‌కి, అంటే దానితో మాట్లాడే ద్వారానికి, పూర్తి అనుమతి ఉన్న ప్రోగ్రాం అంటే రూట్, అంటే సర్వర్ మీద సర్వాధికారం, ఉన్నట్టే లెక్క. ఎందుకు? హోస్టు డిస్కునే తన డిస్కుగా పెట్టుకునే ఒక వీఎంని అది తయారు చెయ్యగలదు. ఆ వీఎం లోపలికెళ్లి హోస్టు ఫైళ్లు ఏవి కావాలంటే అవి మార్చుకోవచ్చు. మరి ఇంటర్నెట్ వైపు ముఖం పెట్టుకుని కూర్చున్న వెబ్ ప్రోగ్రాంకి ఆ తాళం ఇస్తారా? నేను ఇచ్చాను, ఏడాది పాటు. దేవుడి దయ. ఇప్పుడు వెబ్ ప్రోగ్రాం వేరు, లిబ్‌వర్ట్‌తో మాట్లాడే చిన్న ప్రోగ్రాం వేరు. ఆ చిన్నదానికి ఏడు మాటలే తెలుసు: జాబితా, స్టార్ట్, ఆపు, బలవంతంగా ఆపు, కొనసాగించు, తీసెయ్, కన్సోల్. ఎనిమిదో మాట చెబితే దానికి అర్థం కాదు. ఈ మెషీన్ నీదేనా అని ప్రతిసారీ అడుగుతుంది. మొదట్లో అడిగేది కాదు. అడ్రస్ బార్‌లో నంబరు 17 తీసి 18 పెట్టి పక్కవాడి మెషీన్‌ని ఆపేసిన ఘనుడు ఒకడున్నాడు. వాణ్ణి నేను తిట్టలేదు. పరీక్షించి పెట్టాడు కదా.

చివరిగా డిస్కు. ఒక్కో సర్వర్‌లో 30 వీఎంలు, ఒక్కోదానికి 40 జీబీ. మొత్తం 1,200. ఉన్న డిస్కు 960. ఎలా సరిపోయింది? వీఎంకి డిస్కుగా ఇచ్చే క్యూకౌ2 ఫైలు 40 అని చెప్పుకుంటుంది కానీ రాసినంతే తింటుంది. వెయ్యి శుభలేఖలు పంచి ఆరొందల మందికి వంట చేయించినట్టు. మామూలుగా సరిపోతుంది. కానీ ప్రాజెక్టులు ఇవ్వాల్సిన వారంలో వెయ్యిమందీ వచ్చేశారు. డిస్కు నిండింది. అప్పుడు క్యూఎమ్యూ ఏం చేస్తుందంటే, రాయడానికి చోటు లేని మెషీన్‌ని పాజ్ చేస్తుంది. మంచి పనే, డేటా పాడవకుండా. కానీ నా పేజీలో "పాజ్" అని పసుపు చుక్క, పక్కన "కొనసాగించు" బటన్. పిల్లలు నొక్కుతారు, అర సెకను నడుస్తుంది, మళ్లీ పాజ్. మళ్లీ నొక్కుతారు. ఒకమ్మాయి నలభై సార్లు నొక్కినట్టు లాగ్‌లో ఉంది.

ఇక్కడ పేజీ అబద్ధం చెప్పలేదు. పాజే, నిజంగా పాజే. కానీ ఎందుకు అన్నది చెప్పలేదు. లిబ్‌వర్ట్‌ని అడిగితే స్థితితో పాటు కారణం కూడా ఇస్తుంది, ఐ/ఓ ఎర్రర్ అని, అంటే డిస్కుకి రాయడంలో తప్పొచ్చిందని. నేను అడగలేదు. ఇప్పుడు అలాంటప్పుడు "కొనసాగించు" బటన్ తీసేసి, "సర్వర్ డిస్కు నిండింది, తప్పు నీది కాదు, అడ్మిన్‌కి కబురు వెళ్లింది" అని చూపిస్తుంది. "తప్పు నీది కాదు" అని రాయడం ఎందుకన్నాడు మా సహోద్యోగి. నా టేబుల్ ముందు క్యూలో నిలబడ్డవాళ్లు ముందు చెప్పే మాట గుర్తుందా? "సార్, నేనేం చెయ్యలేదు సార్."

ఏం తమ్ముడూ, ఏదో అడగబోతున్నావు? ఆ... ఇవన్నీ కంటెయినర్లతో చెయ్యొచ్చు కదా అంటున్నాడు. చాలావరకు చెయ్యొచ్చు. మాకు మాత్రం ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్ ఉంది, పిల్లలు కెర్నెల్ కంపైల్ చేసి బూట్ చెయ్యాలి. మామూలు కంటెయినర్‌కి సొంత కెర్నెల్ ఉండదు, హోస్టు కెర్నెల్‌నే పంచుకుంటుంది. కెర్నెల్ పాడుచేసుకునే స్వేచ్ఛ కావాలంటే వీఎం కావాలి. ఫోన్‌లో పనిచేస్తుందా అని అటువైపు నుంచి. ఆన్, ఆఫ్ బాగా పనిచేస్తాయి, హాస్టల్ నుంచి అందరూ ఫోన్‌లోనే నొక్కుతారు. కన్సోల్ మాత్రం వద్దు, ఆ చిన్న కీబోర్డు మీద కంట్రోల్ సి కొట్టడం నా వల్ల కాలేదు.

సరే, మాటలు చాలు. ఆ ప్రొజెక్టర్ వైరు ఇటిస్తారా? ఇదిగో, మూడు మెషీన్లు, మూడూ పచ్చగా ఉన్నాయి. ఇప్పుడు నేను లిబ్‌వర్ట్ సర్వీసుని ఆపేస్తున్నాను. దాని సాకెట్లతో సహా ఆపాలి, లేకపోతే పిలవగానే మళ్లీ లేచి కూర్చుంటుంది. చూడండి, మెషీన్లు ఆగలేదు, క్యూఎమ్యూలు వాటి పాటికి అవి నడుస్తున్నాయి, పింగ్‌కి జవాబు వస్తోంది. పేజీ వైపు చూస్తూ ఉండండి. ఒకటి, రెండు... ఆ, మూడూ బూడిద రంగు. "తెలియదు." ఇప్పుడు సర్వీసు మళ్లీ స్టార్ట్ చేసేలోపు మీలో ఎవరైనా వచ్చి ఈ రెండో మెషీన్ లోపల పవరాఫ్ కొట్టండి. రా అమ్మా, నువ్వే రా.